నొప్పి పోయిన మర్నాడు

నడుంనొప్పికి మన భాషలో మాటల కొదవ లేదు. నడుము లాగుతోంది అంటాం, పీకుతోంది అంటాం, సలుపుతోంది అంటాం. ఇవన్నీ మెల్లగా వచ్చి మెల్లగా పోయే బాధలు. వీటితో కలవని మాటలు ఇంకో రెండున్నాయి. ఒకటి 'కలుక్కుమంది', రెండోది 'పట్టేసింది'. కలుక్కుమనడం ఒక్క క్షణం పని. పట్టేయడం ఆ తర్వాత నాలుగు రోజులో పది రోజులో సాగే అవస్థ. ఈ రెంటినీ ఇలా విడదీసి పేరు పెట్టినవాళ్ళెవరో గాని, మనిషి ఒంటిని శ్రద్ధగా చూసినవాళ్ళే. అయితే మొదటి మాటతో ఒక చిక్కుంది. కలుక్కుమంది అనగానే లోపల ఏదో తెగిందనో, పూస జారిందనో భయం పుడుతుంది. ఆ భయంతో మంచమెక్కుతాం. నొప్పి తగ్గగానే అంతా మామూలైపోయిందనుకుని మంచం దిగి, ఆ సంగతే మర్చిపోతాం. భయపడి పడుకోవడం ఒక పొరపాటు. తగ్గిందని మర్చిపోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఎందుకంటే నొప్పి చాలావరకు దానంతటదే పోతుంది, కండరం మాత్రం దానంతటది తిరిగి రాదు. ఈ ఒక్క మాటకు ఆధారాలేమిటో, దాని మీద వచ్చే అభ్యంతరాలేమిటో ఇవాళ చూద్దాం.

పొద్దున ఏడున్నర. స్నానాల గదిలో సబ్బు చేయి జారి కింద పడింది. తీయడానికి మనిషి వంగాడు. మోకాళ్ళు వంచలేదు, నడుము దగ్గరే మడత పడ్డాడు, కాస్త పక్కకు తిరిగి మరీ. మనసంతా దాటిపోబోయే ఆఫీసు బస్సు మీద ఉంది. సబ్బు చేతికందింది, లేవబోతే కలుక్కుమంది. కుళాయి పట్టుకుని సగం వంగి అలాగే నిలబడిపోయాడు. సబ్బు బరువు 100 గ్రాములు. ముందురోజు సాయంత్రం అదే మనిషి 25 కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని రెండంతస్తులెక్కాడు, ఏమీ కాలేదు. మరి ఇప్పుడు నేరం ఎవరిది? కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి బరువుకే రాలిందనడం ఎలాంటిదో, సబ్బు తీయబోతే నడుము పోయిందనడం అలాంటిదే. పండు అప్పటికే ముగ్గి ఉంది. 2015లో సిడ్నీ నుంచి వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయాన్నే లెక్కకట్టి చూసింది. హఠాత్తుగా నడుంనొప్పి వచ్చిన 999 మందిని, నొప్పికి కాస్త ముందు ఏం చేశారో అడిగి, నొప్పి లేని వేరే రోజుల్లో ఏం చేశారో దానితో పోల్చారు. ఒంటికి దూరంగా పట్టుకున్న బరువులు, అడ్డదిడ్డంగా వంగడం, అలసట, ఇవన్నీ ముప్పును పెంచేవేనని తేలింది. అన్నిటికంటే ఎక్కువగా పెంచింది పరధ్యానం, దాదాపు 25 రెట్లు. నొప్పి ఎక్కువమందికి మొదలైంది పొద్దున 7 గంటలకూ మధ్యాహ్నం 12కూ మధ్యన. మనసు పనిలో లేకపోతే నడుముకు నష్టమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు ఎముకల్లో దొరకదు, కండరాల్లో దొరుకుతుంది.

నడుములో అయిదు పూసలుంటాయి. వాటి మధ్యన మెత్తలుగా డిస్కులు, వాటన్నిటినీ కట్టి ఉంచుతూ నార లాంటి లిగమెంట్లు. కండరాలన్నీ తీసేసి ఈ కట్టడాన్ని మాత్రమే నిలబెట్టి పైనుంచి బరువు మోపితే ఎంత ఆగుతుందో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనోహర్ పంజాబీ బృందం 1992లో కొలిచింది. దాదాపు 9 కిలోల బరువుకే అది ఒరిగిపోయింది. మన తల, చేతులు, మొండెం కలిపితే అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటాయి. అంటే మనం నిలబడగలుగుతున్నది పూసల బలంతో కాదు, కండరాల బలంతో. జాతరలో మైకు కట్టే గడ చూసే ఉంటారు. గడను నిలబెట్టేది గుంత కాదు, నాలుగు వైపులా లాగి కట్టిన తాళ్ళు. ఒక తాడు వదులై, దాని ఎదుటి తాడు బిగుసుకుంటే గడ వెంటనే పడదు. గాలి వచ్చేదాకా నిలబడే ఉంటుంది. ఈ పోలిక కొంతవరకే నిజం. తాడుకు తనంతట తాను సమయానికి బిగుసుకునే తెలివి లేదు, కండరానికి ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పాల్ హాడ్జెస్, కెరొలిన్ రిచర్డ్‌సన్ 1996లో ప్రచురించిన ప్రయోగం ఇదే చూపించింది. నిలబడ్డ మనిషిని చేయి పైకెత్తమన్నారు, అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో చేతి కండరం కంటే ముందే, పొట్ట చుట్టూ పట్టీలా అడ్డంగా ఉండే లోపలి కండరం బిగుసుకుంది. చేయి లేస్తే ఒళ్ళు తూలుతుందని ముందే తెలిసినట్టు నడుముకు కాపు కాసింది. నడుంనొప్పి పడ్డవాళ్ళలో ఆ కండరం ఆలస్యంగా మేలుకుంది. ఆలస్యం సెకనులో చిన్న వంతే. కాని సబ్బు కోసం వంగి లేచే క్షణంలో ఆ చిన్న వంతే కావాలి. పరధ్యానానికీ నడుముకూ లంకె ఇక్కడుందని నా అభిప్రాయం. బస్తా ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి, కాళ్ళు ఊని, ఒళ్ళంతా సిద్ధం చేసుకుంటాం. సబ్బు కోసం ఎవరు సిద్ధమవుతారు?

ఈ బిగుతు వదులుల సంగతికి ఒక పటం గీసినవాడు వ్లదిమీర్ యాండా. చెక్ దేశపు వైద్యుడు, 1928లో పుట్టి 2002లో పోయాడు. తాను యవ్వనంలోనే పోలియో బారిన పడ్డవాడు కనుక కండరాల తగువులు ఆయనకు పుస్తకాల్లో చదివితే తెలిసినవి కావు. నడుము దగ్గర ఆయన చూసింది ఒక గుణకారం గుర్తు. తొడ ముందు నుంచి తుంటిని వంచే కండరాలు, వీపు కింది కండరాలు బిగుసుకుని ఒక గీత. పొట్ట కండరాలు, పిరుదు కండరాలు నీరసించి ఇంకో గీత. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో గడిపే మనిషిని ఊహించుకోండి. నడుము పూసల నుంచి బయల్దేరి తొడ ఎముక లోపలి వైపు అతుక్కునే సోయాస్ అనే కండరం కూర్చున్నంతసేపూ కురచగానే ఉంటుంది. పిరుదు కండరం మన ఒంట్లో అన్నిటికంటే పెద్దది, మనిషిని నిటారుగా నిలబెట్టేదీ మెట్లెక్కించేదీ అదే. దాన్ని మనం దిండుగా వాడుకుంటున్నాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు, కూర్చుంటే కండలు కరగడం అంతకంటే సులువు. మాదాపూర్ అద్దాల మేడల్లో రోజంతా తెర ముందు కూర్చునేవాళ్ళు సాయంత్రం లేచేటప్పుడు రెండు చేతులూ నడుముకు ఆనించి వెనక్కి వాలతారు చూడండి, సోయాస్ చేస్తున్న ఫిర్యాదు అది. పిరుదులు చేయాల్సిన పని వీపు కింది కండరాల మీద పడుతుంది. తన పనికి తోడు పక్కింటి పని కూడా చేసే మనిషి ఏదో ఒకరోజు కూలబడక తప్పదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. కుర్చీలో కూర్చునేవాళ్ళ సంగతి సరే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరి నాట్లు వేసే ఆడవాళ్ళకూ, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీలకూ నడుంనొప్పి ఎందుకొస్తుంది, వాళ్ళ కండరాలు బలహీనమా అని. కావు. అందుకే దీన్ని బలహీనత అనకుండా పంపకంలో తేడా అనాలంటాను. నాట్లు వేసే మనిషి మోకాళ్ళు పెద్దగా వంచకుండా, తుంటి దగ్గర మడత పడి, గంటల తరబడి వెనక్కి నడుస్తూ పనిచేస్తుంది. పూర్తిగా వంగినప్పుడు వీపు కండరాలు ఏం చేస్తాయో 1950 దశకంలో ఇంగ్లండులో ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు విద్యుత్ సంకేతాలతో పరిశీలించారు. మనిషి వంగడం మొదలుపెట్టగానే వీపు కండరాలు గట్టిగా పనిచేశాయి. వంగడం చివరికంటా చేరగానే చప్పున మూగబోయాయి. ఆ స్థితిలో మొండెం బరువంతా లిగమెంట్ల మీద, డిస్కుల మీద వేలాడుతోందన్నమాట. కొద్దిసేపైతే ఇబ్బంది లేదు. గంటలకొద్దీ అలాగే ఉంటే లిగమెంట్లు పాత నులక మంచంలా సాగుతాయి. సాగిన లిగమెంట్ వెంటనే బిగువెక్కదు, కండరాన్ని సమయానికి హెచ్చరించనూ లేదు. అందుకే కూలి మనిషికి నొప్పి మడిలో కాక, ఇంటికొచ్చి బిందె ఎత్తబోయినప్పుడు వస్తుంది. కుర్చీ మనిషిదీ మడిలో మనిషిదీ ఒకే కథ. ఒకే భంగిమ, ఒకే దిక్కు, ఎక్కువసేపు.

సరే, కలుక్కుమన్న తర్వాత పట్టేయడం ఎందుకు? ఎక్కడో చిన్న కీలులోనో, లిగమెంట్‌లోనో, కండరం పోగుల్లోనో కాస్త దెబ్బ తగులుతుంది. అది సరిగ్గా ఎక్కడో చాలాసార్లు ఏ పరీక్షకూ చిక్కదు. నూటికి తొంభై మంది నడుంనొప్పి ఇలా పేరుపెట్టలేని రకమే. ఆ దెబ్బ తగిలిన చోటును కదలనివ్వకుండా చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. విరిగిన చేతికి పిండికట్టు వేసినట్టు ఒళ్ళు తనకు తానే వేసుకున్న కట్టు ఇది. మనిషి ఒక పక్కకు ఒరిగిపోయి నడవడం కూడా ఆ కట్టు పుణ్యమే. చూసేవాళ్ళకు పూస జారినట్టే ఉంటుంది గాని, జారింది పూస కాదు. చిక్కల్లా ఎక్కడంటే, ఈ కట్టు అవసరానికి మించి బిగుస్తుంది, మించి ఎక్కువ రోజులుంటుంది. భయం దాన్ని ఇంకాస్త బిగిస్తుంది.

ఈ మాట చెబితే చాలామంది సంచిలోంచి స్కాన్ ఫిల్మ్ తీసి చూపిస్తారు. డిస్క్ ఉబ్బిందని ఇందులో స్పష్టంగా ఉంటే కండరం అంటారేమిటండీ అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే నడుంనొప్పి లేనివాళ్ళకు కూడా స్కాన్ తీసి చూడాలి. తీశారు. 1994లో అమెరికాలో నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే, సగం మందికి పైగా, అంటే 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నవాళ్ళు 36 శాతమే. 2015లో ఇలాంటి అధ్యయనాలను 33 పోగుచేసి, నొప్పి లేని 3 వేల పైచిలుకు మంది చిత్రాలను కలిపి చూశారు. డిస్క్ అరుగుదల 20 ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి ఉంది, 80 ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. అరవయ్యో ఏట నెరిసిన జుట్టును చూసి రోగమనం గదా, ఆ వయసులో డిస్క్ అరుగుదల కూడా చాలావరకు అంతే. అలాగని స్కాన్ దండగ అనడం లేదు. డిస్క్ జారి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు దాటి, తొడ వెనకగా, మోకాలి కిందికి, పాదం దాకా కరెంటులా జివ్వుమని పాకుతుంది. దాని దారి వేరు, వైద్యం వేరు. నా మాటల్లా ఏమిటంటే, నడుము దగ్గరే ఆగిపోయిన హఠాత్తు నొప్పికి మొదటి వారంలో తీసిన స్కాన్ ఎప్పటినుంచో ఉన్నదాన్ని చూపించి, నిన్న వచ్చినదానికి అదే కారణమని మనల్ని నమ్మిస్తుంది. ఆ నమ్మకం పోగొట్టుకోవడం తర్వాత చాలా కష్టం. 'నా డిస్క్ అరిగిపోయింది, నేను వంగకూడదు' అనుకున్న మనిషి ఇంక వంగడు. వంగనివాడి కండరం ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

నొప్పి కండరాల నుంచి కాకుండా వచ్చే సందర్భాలు తక్కువే, కాని పట్టించుకోకపోతే ప్రమాదం. రెండు కాళ్ళూ సత్తువ తప్పడం, సైకిల్ సీటు ఆనేచోట తిమ్మిరెక్కడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మర్నాడు చూద్దామనుకోకూడదు, ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళాలి. పెద్దపాటి దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, వయసు మళ్ళినవాళ్ళకు జారిపడ్డాక వచ్చిన నొప్పి, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళ నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ళ నొప్పి వైద్యుడు చూడాల్సినవే. మన దేశంలో ఇంకోటి గుర్తుంచుకోవాలి. వెన్నెముకకు క్షయ రావడం ఇక్కడ అరుదేమీ కాదు. సాయంత్రం పూట సన్నగా జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే కాపడాలతో కాలయాపన చేయకూడదు. పాతికేళ్ళ కుర్రాడికి నెలల తరబడి పొద్దున్నే గంటసేపు నడుము బిగుసుకుపోయి, కదిలితే సడలుతుంటే అది కీళ్ళవాతం జాతిది కావచ్చు.

ఇవేవీ కావని తేలినవాళ్ళకు మొదటి నాలుగైదు రోజులు ఏం చేయాలన్నది తర్వాతి మాట. నిన్నమొన్నటిదాకా వైద్యులు కూడా చెక్కబల్ల మీద వారం పది రోజులు పడుకోమనేవారు. 1986లో అమెరికాలో 203 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రెండు రోజులు, ఇంకో జట్టుకు ఏడు రోజులు విశ్రాంతి రాశారు. రెండు రోజులవాళ్ళు పనికి తొందరగా వెళ్ళారు, ఏడు రోజులవాళ్ళకు అదనంగా ఒరిగిందేమీ లేదు. 1995లో ఫిన్లండ్ వాళ్ళు ఇంకో మెట్టు ముందుకెళ్ళారు. హెల్సింకీ నగరపాలక ఉద్యోగులు 186 మందిలో కొందరిని రెండు రోజులు పడుకోమన్నారు, కొందరిచేత నడుము వ్యాయామాలు చేయించారు, మిగిలినవాళ్ళను ఓర్చుకోగలిగినంత మేరకు రోజూ చేసే పనులు చేసుకోమన్నారు. అందరికంటే ముందు కోలుకున్నది మూడో జట్టు. ఇందులో ఒక మెలిక గమనించండి. నొప్పి పచ్చిగా ఉన్న రోజుల్లో పడుకోవడమే కాదు, పట్టుబట్టి వ్యాయామం చేయడం కూడా మేలు చేయలేదు. వ్యాయామానికి వేళ వేరే ఉంది, దానికి వస్తాను. ఈలోగా ఉప్పుమూటతోనో ఇసుకమూటతోనో కాపడం పెట్టుకోండి, వెచ్చదనం బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది. అమృతాంజనం రాసుకుంటామంటే నాకు అభ్యంతరం లేదు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుప్పచ్చ సీసాయే తర్వాత ఆంధ్రపత్రికను నిలబెట్టింది, మన భాష దానికి రుణపడి ఉంది. చర్మం మీద పుట్టే ఆ మంట నరాల దృష్టి మళ్ళించి నొప్పిని కాస్త మరిపిస్తుంది, అంతకుమించి లోపలికి వెళ్ళి సరిచేసేదేమీ లేదు. పారాసిటమాల్ గురించి కూడా ఆశ తగ్గించుకోవాలి. 2014లో సిడ్నీలో 1,600కు పైగా మనుషుల మీద చేసిన పరీక్షలో మాత్ర వేసుకున్నవాళ్ళు కోలుకోవడానికి సగటున 17 రోజులు పట్టింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకు 16 రోజులు. పక్క మీంచి లేచేటప్పుడు మాత్రం ఒక పాత అలవాటు పనికొస్తుంది. కుడిపక్కకు ఒత్తిగిలి లేవాలని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పేది. ఏ పక్కైనా సరే, మోకాళ్ళు మడిచి పక్కకు తిరిగి, కాళ్ళు మంచం దించి, చేత్తో పరుపును నెట్టుకుంటూ లేస్తే వెల్లకిలా లేవడంలో పడే బాధ సగం తప్పుతుంది.

పదహారు పదిహేడు రోజులన్న ఆ లెక్క ఇంకో సంగతి కూడా చెబుతోంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు నడుము మీద తంతే పట్టు వదులుతుందని మన పల్లెల్లో ఒక నమ్మకం. తన్నించుకున్నవాళ్ళు నిజంగానే కోలుకున్నారు. తన్నించుకోనివాళ్ళూ కోలుకున్నారు. రెండు వారాల్లో తానే పోయే నొప్పికి ఎవరు ఏం చేసినా పేరు వాళ్ళకే వస్తుంది, బెల్టు అమ్మినవాడికీ, సూది వేసినవాడికీ, కట్టు కట్టినవాడికీ. ఎముక విరిగినవాళ్ళు పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకున్నారంటే అర్థముంది, విరగని నడుముకు కట్టెందుకు? వీళ్ళందరి చికిత్సా నొప్పితోనే మొదలై నొప్పితోనే ముగుస్తుంది. అసలు నష్టం ఆ తర్వాత బయటపడుతుంది. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జూలీ హైడ్స్ అల్ట్రాసౌండ్‌తో మల్టీఫిడస్ అనే కండరాన్ని కొలిచారు. వెన్నుపూసలకు ఇరుపక్కలా ఆనుకుని, ఒక పూసను ఇంకో పూసతో కట్టినట్టుండే కండరమిది. నొప్పి వచ్చిన కొద్ది రోజుల్లోనే, నొప్పి ఉన్న పక్క, నొప్పి ఉన్న పూస దగ్గర అది చిక్కిపోయి కనిపించింది. 1996లో ఆమె మొదటిసారి నడుము పట్టేసిన 39 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం, రెండోదానికి దాంతోపాటు ఆ కండరాన్ని మేల్కొలిపే వ్యాయామం. నాలుగు వారాల్లో రెండు జట్లలోనూ దాదాపు అందరికీ నొప్పి పోయింది. తేడా లేదు. కాని పది వారాల తర్వాత కొలిస్తే, వ్యాయామం చేయనివాళ్ళలో కండరం ఇంకా చిక్కే ఉంది. నొప్పి లేదు, పనులకు వెళ్తున్నారు, అంతా బాగుందనే అనుకుంటున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ జట్టులో 84 శాతం మందికి నొప్పి మళ్ళీ వచ్చింది. వ్యాయామం చేసినవాళ్ళలో 30 శాతం మందికే. చిన్న అధ్యయనం, నిజమే, 39 మంది మీద లోకమంతటికీ తీర్పు చెప్పలేం. కాని 'ఏటా ఓసారి నా నడుము పట్టేస్తుందండీ' అనే మనిషి మాటకు ఇంతకంటే సరిపోయే వివరణ నాకు కనిపించలేదు.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వద్దాం. ఇది నడుము బాధితుల నుంచి వచ్చింది కాదు, పరిశోధకుల నుంచే వచ్చింది. పొట్ట లోపలి కండరాన్నీ మల్టీఫిడస్‌నూ ఏరి మరీ సాధన చేయించే ప్రత్యేక వ్యాయామాలను మామూలు వ్యాయామాలతో పోల్చిన పరీక్షలన్నిటినీ 2016లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. దీర్ఘకాలిక నడుంనొప్పిలో ప్రత్యేక వ్యాయామాలు మిగతావాటికంటే చెప్పుకోదగ్గంత మేలేమీ కాదని తేలింది. వంపు ఎక్కువున్న నడుముకే నొప్పి వస్తుందన్న మాట కూడా నిలబడలేదు. కటి ముందుకు వాలినవాళ్ళెందరో హాయిగా తిరుగుతున్నారు. మరి కండరాల మధ్య పంపకంలో తేడా, అంటే అసమతుల్యం, అన్న మాటే తప్పా? ఆ మాటను మనం వాడుతున్న తీరు తప్పంటాను. మీ కుడి తుంటి ఇన్ని మిల్లీమీటర్లు పైకుంది, పది సిట్టింగుల్లో సరిచేస్తామని చెప్పేవాళ్ళు మనిషి ఒంటిని వంగిన సైకిల్ రిమ్ములా చూస్తున్నారు. యాండా పటం కూడా మరీ ముచ్చటగా ఉంది, ఒళ్ళు అంత పద్ధతిగా పాడవదు. తేడా ఆకారంలో లేదు, ఓపికలో ఉంది. డెన్మార్క్ వైద్యుడు బీరింగ్ సోరెన్సెన్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో 900 మందికి పైగా మనుషుల్ని ఒక్కొక్కరినీ బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, నడుము పైభాగమంతా గాల్లో ఉంచి, ఎంతసేపు నేలకు సమాంతరంగా ఆపగలరో చూశారు. మగవాళ్ళలో ఎక్కువసేపు ఆపలేకపోయినవాళ్ళకే తర్వాతి ఏడాదిలో మొదటిసారి నడుంనొప్పి ఎక్కువగా వచ్చింది. ఎంత బరువు ఎత్తగలరన్నది అక్కడ ప్రశ్న కాదు, ఎంతసేపు అలసిపోకుండా ఉండగలరన్నదే ప్రశ్న. అందుకే ఏ వ్యాయామం అన్న తగువు అనవసరం. 2024లో ఆస్ట్రేలియాలోనే 701 మందిని చూశారు, అందరూ అప్పుడప్పుడే నడుంనొప్పి నుంచి కోలుకున్నవాళ్ళు. వాళ్ళలో ఒక జట్టుకు నేర్పించింది ముఖ్యంగా నడకే. నడిచినవాళ్ళకు నొప్పి మళ్ళీ రావడానికి సగటున 208 రోజులు పట్టింది, ఏమీ చేయనివాళ్ళకు 112 రోజులు. నడక ఏ ఒక్క కండరాన్నీ ఏరి పిలవదు. పిరుదు, పొట్ట, వీపు వంతులవారీగా పనిచేస్తాయి, ఎవరి పని వాళ్ళకు తిరిగొస్తుంది.

ఇంటిపనే బోలెడంత ఉంది, మళ్ళీ వ్యాయామమెందుకు అని ఆడవాళ్ళు అడగడం సహజం. ఇంటిపనిలో కష్టం ఉంది గాని, వంతులు లేవు. తుడవడం, ఉతకడం, గిన్నెలు కడగడం అన్నీ ముందుకు వంగేవే. వెనక్కి వాలే పని రోజులో ఒక్కటి చెప్పండి చూద్దాం. కనుక దానికి ఎదురు కదలికలు కావాలి, పది నిమిషాలు చాలు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించి, పిరుదులు బిగించి తుంటిని పైకి లేపడం ఒకటి. భుజాల నుంచి మోకాళ్ళ దాకా ఏటవాలు బల్లలా అవ్వాలి. లేపేటప్పుడు నడుములో బిగువు తెలిస్తే పని మళ్ళీ వీపే చేస్తోందన్నమాట. పాదాల్ని పిరుదులకు ఇంకాస్త దగ్గరగా జరిపి, తక్కువ ఎత్తుకు లేపాలి. చేతులూ మోకాళ్ళ మీద, చిన్నపిల్లల్ని గుర్రం ఆడించేటట్టు నిలబడి, కుడి చేయి ముందుకూ ఎడమ కాలు వెనక్కూ చాచి ఎనిమిది పది సెకన్లు ఆపడం ఇంకోటి. తర్వాత చేయీ కాలూ మార్చాలి. కెనడాలో స్టూవర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. వీపు మీద గ్లాసుడు నీళ్ళు పెడితే ఒలక్కుండా ఉండాలి, అదే దీని కొలత. కుర్చీ ఉద్యోగులకు మూడోది కూడా కావాలి. ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో పాదం ముందుకు వేసి, నడుము వెనక్కి విరవకుండా ఒంటిని కాస్త ముందుకు జరిపితే, మోకాలు ఆన్చిన వైపు తొడ మొదట్లో లాగుడు తెలుస్తుంది. అదే సోయాస్. ముప్పై సెకన్లు ఉంచితే చాలు. వీటితోపాటు నడక. మొదట పది నిమిషాలు, అక్కణ్ణుంచి పెంచుకుంటూ ఆరు నెలల్లో వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మిగిలింది. హెల్సింకీవాళ్ళు చూపించినట్టు, నొప్పి పచ్చిగా ఉన్నప్పుడు కాదు. పక్క మీద అటూ ఇటూ దొర్లగలిగి, మూత్రానికి వెళ్ళి రావడం భయం లేకుండా అయిన మర్నాడు నడకతో మొదలుపెట్టి, వారం తిరిగేసరికి మిగతావి కలుపుకోవచ్చు. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి తెలియడం తప్పు కాదు. ఆ నొప్పి మర్నాటికి కూడా మిగిలితే ఆ రోజు ఎక్కువ చేశారన్నమాట, సగానికి తగ్గించండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, లేచీ లేవగానే వద్దు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే మనం పొద్దున ఒక సెంటీమీటరో కాస్త ఎక్కువో పొడుగ్గా ఉంటాం, అందుకే వంగితే పొద్దునే ఎక్కువ బిగుతు. ఆ ఉబ్బు చాలావరకు మొదటి గంటలో దిగుతుంది. 1998లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో, పొద్దున లేచాక కొన్ని గంటలు నడుము వంచకుండా జాగ్రత్తపడినవాళ్ళకు నొప్పి రోజులు తగ్గాయి. కనుక నడకైనా వ్యాయామమైనా సాయంత్రానికి పెట్టుకోండి. పొద్దున స్నానాల గదిలో సబ్బు జారితే ఒక చేత్తో కుళాయి పట్టుకుని, ఒక మోకాలు మడిచి కూర్చుని తీయండి. ఈలోగా బస్సు వెళ్ళిపోతే వెనకాల ఇంకోటి వస్తుంది.